వేసవి దెబ్బ చలికాలంలో బయటపడుతుంది: భిలాయ్ దారులకు కారును సిద్ధం చేసుకోవడం ఎలా?

భిలాయ్: చలికాలానికి కారును సిద్ధం చేయడం అనగానే హిమం పేరుకున్న రోడ్లు, గొలుసులు చుట్టిన టైర్లు, గడ్డకట్టిన ఇంధనం గుర్తుకు వస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయ్‌లో ఇవేవీ కనిపించవు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 10 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చలిగాలులు వీచిన రోజుల్లో 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. ఇంజిన్‌ను స్తంభింపజేసేంత చలి ఇది కాదు. అందువల్లనే చాలామంది వాహనదారులు చలికాలం కోసం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేసుకోరు.

అయితే ఈ నగరంలో చలికాలపు ముప్పు మరో రూపంలో వస్తుంది. మే నెలలో 45 డిగ్రీల వరకు చేరే ఎండ బ్యాటరీని, వైపర్ల రబ్బరును, టైర్లను, హెడ్‌లైట్ల పైకప్పును నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది. ఆ నష్టం వెంటనే కనిపించదు. ఏడు నెలల తరువాత, చీకటి పూర్తిగా విడవని ఒక ఉదయం, ముందు దారి కనిపించని పొగమంచులో ఆ లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. కాబట్టి భిలాయ్ వంటి మైదాన ప్రాంత నగరాల్లో చలికాలపు సన్నాహం అంటే కారును చలి నుంచి కాపాడటం కాదు. వేసవి మిగిల్చిన లోపాలను సరిదిద్దడం, డ్రైవరుకు దారి కనిపించేలా, ఇతరులకు కారు కనిపించేలా చూడటం.

ఉక్కునగరపు చలి తీరు

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంతో పాటే సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్ పెరిగింది. దేశం నలుమూలల నుంచి ఉద్యోగాల కోసం కుటుంబాలు తరలివచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు వాటిలో ఉన్నాయి.

టౌన్‌షిప్ జీవితం కారు వాడకాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో నడిపిస్తుంది. క్వార్టరు నుంచి కర్మాగారం గేటుకు, బడికి, మార్కెట్టుకు దూరాలు తక్కువ. కారు రోజుకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగి, మిగిలిన సమయమంతా ఆరుబయట నిలిచి ఉంటుంది. షిఫ్టు ఉద్యోగుల ప్రయాణాలు చాలావరకు తెల్లవారుజామున లేదా రాత్రి పొద్దుపోయాక జరుగుతాయి. పొగమంచు దట్టంగా ఉండేది, చలి ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ వేళల్లోనే. ఆ తరువాత సంక్రాంతి వస్తుంది. అప్పటిదాకా టౌన్‌షిప్ దాటని కారు ఒక్కసారిగా ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి వస్తుంది.

చలికాలపు రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉంటే నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సూక్ష్మమైన నీటి బిందువులుగా మారుతుంది. అదే పొగమంచు. చల్లని గాలి కింద, దానికంటే వెచ్చని గాలి పైన ఉండిపోవడంతో పొగ, ధూళి పైకి లేచి చెదిరిపోలేవు. కర్మాగారాలు, సిమెంటు పరిశ్రమలు, భారీ వాహనాలు ఉన్న ప్రాంతంలో ఈ ధూళికణాల చుట్టూ తేమ చేరి పొగమంచు మరింత చిక్కబడుతుంది. చెరువులు, కాలువలు, తడిసిన వరిపొలాల పక్కన నగరం నడిబొడ్డు కంటే ఇది ఎక్కువగా ఉంటుంది. అందుకే పొగమంచు దారి పొడవునా ఒకేలా ఉండదు. స్పష్టంగా కనిపించిన రోడ్డు వంతెన దాటగానే మాయమవుతుంది.

భారత వాతావరణ విభాగం లెక్క ప్రకారం దృశ్యమానత 1,000 మీటర్ల కంటే తగ్గితే పొగమంచు ఉన్నట్లు. 200 నుంచి 50 మీటర్ల మధ్య ఉంటే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపు అయితే అతి దట్టమైన పొగమంచు. వార్తల్లో వినిపించే ఈ మాటలు డ్రైవరుకు ఏ వేగంతో వెళ్లాలో చెప్పే కొలతలు కూడా.

బ్యాటరీ: చెడిపోయేది మే నెలలో, మొరాయించేది జనవరిలో

చలికాలపు ఉదయం కారు స్టార్ట్ కాకపోతే నింద చలి మీద పడుతుంది. అసలు కారణం చాలావరకు వేసవి. కార్లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలో వేడి పెరిగినకొద్దీ రసాయన చర్యల వేగం పెరుగుతుంది. లోపలి పలకలు త్వరగా తుప్పు పడతాయి, నీరు ఆవిరవుతుంది. బ్యాటరీ సామర్థ్యం తగ్గినా, వెచ్చని వాతావరణంలో ఇంజిన్‌ను తిప్పడానికి తక్కువ శక్తి చాలు కనుక లోపం తెలియదు. చలిలో రెండు వైపుల నుంచీ ఒత్తిడి పెరుగుతుంది. బ్యాటరీ ఇచ్చే శక్తి తగ్గుతుంది, చిక్కబడిన ఇంజిన్ ఆయిల్ వల్ల సెల్ఫ్ మోటారుకు కావలసిన శక్తి పెరుగుతుంది.

టౌన్‌షిప్‌లోని పొట్టి ప్రయాణాలు దీనికి తోడవుతాయి. ఒకసారి సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన శక్తిని ఆల్టర్నేటర్ తిరిగి నింపడానికి కొంత దూరం నడపాలి. ఐదు నిమిషాల ప్రయాణంలో హెడ్‌లైట్లు, బ్లోవర్, వెనుక అద్దం డీఫాగర్ అన్నీ వాడితే జమ కంటే ఖర్చే ఎక్కువవుతుంది. వారానికి ఒకసారైనా అరగంటకు తగ్గకుండా కారును నడపడం దీనికి సులభమైన పరిష్కారం.

పరీక్ష కష్టమైనది కాదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారు బ్యాటరీ వోల్టేజీ 12.6 దగ్గర ఉంటే పూర్తి చార్జింగ్ ఉన్నట్లు. 12.4 కంటే తక్కువగా ఉంటే చార్జింగ్ అవసరం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. అంతకంటే బాగా తక్కువైతే లోపం ఆల్టర్నేటర్‌లో ఉండవచ్చు. బ్యాటరీ దుకాణాల్లో ఉండే లోడ్ టెస్టర్‌తో పరీక్ష చేయిస్తే అసలు బలం తెలుస్తుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీ ఉన్నవారు దూరప్రయాణానికి ముందు ఈ పరీక్ష తప్పక చేయించాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకున్న పొడిని శుభ్రం చేయించి, బిగుతు సరిచూడటం కూడా ముఖ్యం. స్టార్ట్ కాని సందర్భాల్లో కొన్నింటికి కారణం బ్యాటరీ కాదు, వదులైన ఈ బిగింపే.

టైర్లు: గాలి తగ్గేది కంటికి కనిపించదు

ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులోని గాలి పీడనం సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరు చివరలో 33 డిగ్రీల మధ్యాహ్నం పెట్రోలు బంకులో గాలి నింపిన టైరు, పంక్చర్ ఏదీ లేకపోయినా, జనవరిలో 11 డిగ్రీల ఉదయానికి సుమారు 4 పీఎస్ఐ కోల్పోతుంది. అదీకాక టైర్ల నుంచి సహజంగానే నెలనెలా కొద్దికొద్దిగా గాలి తగ్గుతూ ఉంటుంది. కారు డాష్‌బోర్డు మీద టైరు గుర్తు చలికాలపు ఉదయం వెలిగి, కొంతదూరం నడిచాక ఆరిపోవడం వెనుక కారణం ఇదే. గుర్తు ఆరినంత మాత్రాన సమస్య తీరినట్లు కాదు. టైరు వేడెక్కి పీడనం తాత్కాలికంగా పెరిగిందంతే.

గాలి తక్కువైన టైరు పక్కభాగాలు ఎక్కువగా వంగి, హైవే వేగంలో అతిగా వేడెక్కుతాయి. నిండా సామాను, ఐదుగురు మనుషులతో వెళ్తున్న కారులో టైరు పేలే ప్రమాదం దీనివల్ల పెరుగుతుంది. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే రెండు మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ నడపకముందే చూసుకోవాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు వైపు తలుపు చట్రం మీద అంటించిన పట్టికలో ఉంటుంది. పూర్తి బరువుతో ప్రయాణానికి వేరే అంకె అక్కడే ఇస్తారు. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ పీడనాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు.

కార్ల టైర్లలో గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. గాడుల మధ్య ఉండే చిన్న గట్టులతో టైరు ఉపరితలం సమానమైతే ఆ పరిమితి దాటినట్లే. మంచు బిందువులతో తడిసిన, ధూళితో జిగటగా మారిన రోడ్డు మీద పట్టు కావాలంటే 3 మిల్లీమీటర్ల కంటే తగ్గకముందే మార్చడం మేలు. టైరు పక్కన కనిపించే నాలుగు అంకెలు దాని వయస్సు చెబుతాయి. ‘2321’ అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. తక్కువ తిరిగిన కార్లలో గాడులు లోతుగానే ఉన్నా, ఎండకు రబ్బరు ఎండి పక్కభాగాల్లో సన్నని పగుళ్లు వస్తాయి. అలాంటి టైర్లతో దూరప్రయాణం చేయకూడదు. స్టెప్నీలో గాలిని కూడా అప్పుడే చూసుకోవాలి. స్టెప్నీ లేని కొత్త కార్లలో పంక్చర్ కిట్ పనిచేసే స్థితిలో ఉందో లేదో తెలుసుకోవాలి.

హిమపాతం ఉండే దేశాల్లో నిబంధనలు మరోలా ఉంటాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ప్రత్యేక చలికాలపు టైర్లు తప్పనిసరి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడటం దీనికి కారణం. భిలాయ్‌లో అలాంటి టైర్ల అవసరం లేదు. ఉన్న టైర్లను సరిగా చూసుకోవడమే చాలు.

అద్దాలు: లోపలి మసకే ఎక్కువ ప్రమాదం

ఆరుబయట నిలిపిన కారు మీద రాత్రి ధూళి పడుతుంది, తెల్లవారేసరికి దానిమీద మంచు చేరుతుంది. ఇనుము, బొగ్గు, సిమెంటు రేణువులు కలిసిన ఈ బురదను వైపర్లతో గాని, పొడిగుడ్డతో గాని నేరుగా తుడిస్తే అద్దం మీద సన్నని గీతలు పడతాయి. పగలు అవి కనిపించవు. రాత్రి ఎదురుగా వచ్చే లారీ వెలుతురు ఆ గీతల మీద పడి అద్దమంతా తెల్లబారుతుంది. ముందుగా నీళ్లు పోసి ధూళిని జార్చి, తరువాతే తుడవాలి. అద్దం మీద పోసే నీరు మరీ వేడిగా ఉండకూడదు. ఉన్న చిన్న పగులు పెద్దదయ్యే అవకాశం ఉంటుంది.

వేసవి ఎండకు వైపర్ రబ్బరు గట్టిపడి అంచు వంకర తిరుగుతుంది. వర్షాకాలమంతా పనిచేసి మరింత అరిగిపోతుంది. తుడిచిన చోట చారలు మిగిలినా, శబ్దం వస్తున్నా బ్లేడ్లు మార్చాలి. వాషర్ ట్యాంకులో నీటితో పాటు అద్దాలు కడిగే ద్రావణం కలపడం వల్ల జిడ్డు పోతుంది.

అద్దం లోపలివైపు కూడా శుభ్రంగా ఉండాలి. వేసవి వేడికి డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వెలువడే ఆవిరి అద్దం మీద పలుచని జిడ్డుపొరగా పేరుకుంటుంది. చలికాలంలో ఊపిరిలోని తేమ ఆ పొరకు త్వరగా అంటుకుంటుంది. మసక తొలగించడానికి చేత్తో తుడవడం వల్ల జిడ్డు మరింత పెరుగుతుంది. సరైన పద్ధతి వేరు. గాలిని ముందు అద్దం వైపు మళ్లించి, ఉష్ణోగ్రతను వెచ్చగా పెట్టి, ఏసీని కూడా వేయాలి. చలిలో ఏసీ ఎందుకన్న సందేహం సహజం. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటరు ఆ పొడి గాలిని వేడిచేస్తుంది. రెండూ కలిస్తే అద్దం త్వరగా తేటపడుతుంది. లోపలి గాలే తిరిగే మీటను ఆపి, బయటి గాలి వచ్చేలా ఉంచాలి. తడిసిన కాళ్లపట్టలు కారులో ఉంటే తేమ తగ్గదు కాబట్టి వాటిని ఎండబెట్టాలి.

దీపాలు: చూడటానికి, కనిపించడానికి

హెడ్‌లైట్ల పైన ఉండే పారదర్శక ప్లాస్టిక్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపుబారుతుంది. బల్బు కొత్తదైనా వెలుతురు రోడ్డు మీదికి చేరక చుట్టూ చెదిరిపోతుంది. పాలిష్ చేయించడం వల్ల చాలావరకు తేటపడుతుంది. మరీ పాడైతే మార్చాలి.

పొగమంచులో హై బీమ్ వేయడం తరచుగా జరిగే పొరపాటు. నీటి బిందువులు ఆ వెలుతురును తిరిగి డ్రైవరు కళ్లలోకే పంపుతాయి, ఎదురుగా తెల్లని గోడ నిలిచినట్లవుతుంది. లో బీమ్, ఫాగ్ ల్యాంపులు మాత్రమే వాడాలి. పసుపు వెలుతురు పొగమంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది. పొగమంచు బిందువులు కాంతి తరంగాల కంటే ఎంతో పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకే విధంగా చెదరగొడతాయి. ఫాగ్ ల్యాంపు ఉపయోగం దాని రంగులో లేదు. బంపరు కింద, నేలకు దగ్గరగా ఉండి, వెలుతురును పైకి పోనివ్వకుండా రోడ్డు అంచుల మీదికి వెడల్పుగా పరచడంలో ఉంది.

కొత్త కార్లలో మరో చిక్కు ఉంది. పగటిపూట వాటంతట అవే వెలిగే ముందు దీపాలను చూసి లైట్లన్నీ వెలుగుతున్నాయని డ్రైవరు భావిస్తారు. చాలా మోడళ్లలో ఆ సమయంలో వెనుక ఎర్రదీపాలు వెలగవు. పొగమంచులో అలాంటి కారు వెనుక నుంచి వచ్చేవారికి కనిపించదు. అందువల్ల తెల్లవారాక కూడా పొగమంచు ఉన్నంతసేపు హెడ్‌లైట్ల స్విచ్‌ను స్వయంగా వేయాలి. కారును గోడకు దగ్గరగా నిలిపి బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, రివర్స్ లైటు ఒక్కొక్కటిగా చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. డిక్కీ నిండా సామాను పెడితే కారు వెనుక భాగం దిగి, హెడ్‌లైట్ల వెలుతురు పైకి లేస్తుంది. డాష్‌బోర్డు మీద వెలుతురు ఎత్తు మార్చే చక్రం ఉన్నది ఈ సందర్భం కోసమే.

నడుస్తున్న కారుకు నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించడం కూడా మేలు చేయదు. కారు ఆగి ఉందో, కదులుతోందో వెనుకవారికి అర్థం కాదు. మలుపు తిరిగే సంకేతం ఇవ్వడం కూడా సాధ్యం కాదు. ఆ దీపాలు కారు ఆగిపోయినప్పుడు వాడటానికి ఉద్దేశించినవి.

ఇంజిన్, కూలెంట్, డీజిల్

కూలెంట్ అవసరం చలిదేశాలకే పరిమితమని భావించి రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసేవారు ఉన్నారు. గ్లైకాల్ కలిసిన కూలెంట్ గడ్డకట్టకుండా ఆపడంతో పాటు మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, లోపల తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కంపెనీ సూచించిన రకం, సూచించిన పాళ్లలో ఉందో లేదో చూసుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు.

ఉదయం ఇంజిన్‌ను పది నిమిషాలు నిలబెట్టి వేడిచేయడం పాత కార్బురేటర్ కాలపు అలవాటు. నేటి ఇంజిన్లకు భిలాయ్ చలిలో అర నిమిషం నుంచి ఒక నిమిషం సరిపోతుంది. ఆ తరువాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా నడపడమే ఇంజిన్‌ను వేడిచేసే మంచి పద్ధతి.

డీజిల్‌లో ఉండే మైనం తీవ్రమైన చలిలో గడ్డకట్టి ఫిల్టర్లను మూసివేస్తుంది. లద్దాఖ్ వంటి ప్రాంతాల కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల వరకు ద్రవంగా ఉండే ప్రత్యేక డీజిల్‌ను ప్రవేశపెట్టింది. ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో ఆ సమస్య లేదు. ఇక్కడినుంచి డీజిల్ ట్యాంకు నింపుకుని హిమాలయ ప్రాంతాలకు వెళ్లేవారు మాత్రం కొండలు ఎక్కకముందే అక్కడ దొరికే ఇంధనం నింపుకోవడం మంచిది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. వర్షాకాలం ముగిశాక, రెండేళ్లు దాటినట్లయితే, దాన్ని మార్పించాలి. తేమ చేరిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగి బ్రేకు పెడల్ మెత్తబడే ప్రమాదం ఉంది.

వేగం లెక్క

కారు ఎంత సిద్ధంగా ఉన్నా, కనిపించే దూరంలో ఆగలేని వేగం ముందు ఆ సన్నాహం వృథా. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుందనుకుంటే అప్పటికే 33 మీటర్లు గడిచిపోతాయి. ఆపై ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 40 మీటర్లు, తడి రోడ్డు మీద 60 మీటర్ల వరకు కావాలి. మొత్తం 73 నుంచి 93 మీటర్లు. అదే 40 కిలోమీటర్ల వేగంలో 27 నుంచి 32 మీటర్లలో కారు ఆగుతుంది. 50 మీటర్లే కనిపిస్తున్నప్పుడు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే డ్రైవరుకు ఎదుట ఆగి ఉన్న లారీని తప్పించే అవకాశం ఉండదు. 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి ఉంటుంది.

ఆగి ఉన్న లారీ ఇక్కడ ఊహామాత్రపు ఉదాహరణ కాదు. సూరత్ నుంచి పారాదీప్ వరకు సాగే 53వ జాతీయ రహదారి రాజ్‌నాంద్‌గావ్, దుర్గ్, భిలాయ్, రాయ్‌పూర్‌ల మీదుగా వెళ్తుంది. ఉక్కు, బొగ్గు, సిమెంటు మోసే ట్రయిలర్లు రాత్రింబవళ్లు దీనిమీద తిరుగుతాయి, రోడ్డు అంచున ఆగుతాయి. చలికాలం ధాన్యం కొనుగోళ్ల కాలం కూడా. ‘ధాన్యపు గిన్నె’గా పేరొందిన ఛత్తీస్‌గఢ్‌లో ఈ నెలల్లో వరి బస్తాలు నింపిన ట్రాక్టరు ట్రాలీలు పల్లెల నుంచి కొనుగోలు కేంద్రాలకు బారులు తీరుతాయి. వీటిలో చాలావాటికి వెనుక దీపాలు గాని, రేడియం స్టిక్కర్లు గాని ఉండవు. ముందు వాహనానికి కనీసం మూడు నాలుగు సెకన్ల ప్రయాణమంత ఎడం ఉంచడం, పొగమంచులో ఓవర్‌టేక్ చేయకపోవడం ప్రాణరక్షణ సూత్రాలు. ముందున్న లారీ వెనుక దీపాలను పట్టుకుని అదే వేగంతో వెళ్లడం క్షేమమనిపించినా, ఆ లారీ డ్రైవరుకు కూడా దారి కనిపించడం లేదన్న సంగతి మరవరాదు.

సంక్రాంతి దారి

భిలాయ్ నుంచి ఉత్తరాంధ్రకు వెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఎంచుకునే మార్గాల్లో ఒకటి రాయ్‌పూర్ మీదుగా 30వ జాతీయ రహదారిపై ధమ్తరీ, కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్ దాటి జగ్దల్‌పూర్ చేరి, అక్కడినుంచి జయపురం, కోరాపుట్, పొట్టంగి మీదుగా సాలూరు దిగుతుంది. మైదానపు పొగమంచుతో మొదలైన ప్రయాణం కేశ్‌కాల్ ఘాట్ మలుపులను, తరువాత తూర్పు కనుమలను దాటాలి. ఒడిశాలోనే ఎత్తైన శిఖరమైన దేవమాలి ఈ పొట్టంగి ప్రాంతంలోనే ఉంది. కోరాపుట్ పీఠభూమిలో చలి, పొగమంచు భిలాయ్ కంటే ఎక్కువ. హైదరాబాద్ వెళ్లేవారు నాగ్‌పూర్ చేరి 44వ జాతీయ రహదారి పట్టుకుంటే, తెలంగాణలో ముందుగా వచ్చేది చలికి పేరుపొందిన ఆదిలాబాద్ ప్రాంతం.

ఈ దారుల్లో రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి చేరాలన్న ఆలోచన అత్యంత ప్రమాదకరమైనది. నిద్రమత్తు, పొగమంచు, ఘాట్ మలుపులు మూడూ వేకువజామున ఒకేచోట కలుస్తాయి. ఎండ వచ్చి పొగమంచు విడిచాక బయలుదేరి, ఘాట్‌లను పగటి వెలుతురులో దాటేలా ప్రయాణాన్ని రెండు భాగాలు చేసుకోవడం ఉత్తమం. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట నేటికీ సరైనదే. బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. భోగి రోజు తెల్లవారుజామున తెలుగు పల్లెల్లో మంటల పొగ పొగమంచుతో కలిసి రోడ్ల మీద నిలుస్తుంది. ఆ వేళ ఊళ్ల మధ్యగా వెళ్లేవారు మరింత నెమ్మదించాలి.

దారిలో ఆగిపోతే

పొగమంచులో కారు ఆగిపోవడం కంటే, ఆగిన కారును వెనుకనుంచి మరో వాహనం ఢీకొనడం ఎక్కువ ప్రాణాలు తీసే ప్రమాదం. కారును వీలైనంత వరకు రోడ్డు అంచు దాటించాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించాలి. ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనుక, హైవేపై ఇంకా దూరంగా పెట్టాలి. ప్రయాణికులంతా కారు దిగి, రోడ్డుకు దూరంగా, వాహనాలు వచ్చే దిక్కుకు పక్కగా నిలబడాలి. కారులోనో, కారు వెనుకనో నిలిచి ఉండటం ప్రమాదం. ఇతరులకు ముప్పు కలిగేలా వాహనాన్ని రోడ్డు మీద వదిలివేయడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షన్ నిషేధిస్తోంది.

జాతీయ రహదారులపై సహాయానికి 1033, ఏ అత్యవసర పరిస్థితిలోనైనా 112 నంబర్లు పనిచేస్తాయి. ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయం చేసినవారిని చట్టపరమైన చిక్కుల నుంచి 134ఏ సెక్షన్ కాపాడుతుంది. కారులో టార్చిలైటు, జంపర్ కేబుళ్లు, జాకీ, ఎర్ర త్రికోణం, ఫోన్ చార్జరు, తాగునీరు, ఒక దుప్పటి ఉంచుకోవడం చిన్న శ్రమ. చలిరాత్రి పిల్లలతో, పెద్దవారితో రోడ్డు పక్కన రెండు గంటలు గడపవలసి వచ్చినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

అలాంటి సమయంలో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. అద్దాలు మూసి, ఇంజిన్ నడుపుతూ హీటరు వేసుకుని నిద్రపోకూడదు. పొగగొట్టం నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది లోపలికి చేరితే నిద్రలోనే స్పృహ తప్పుతుంది. మూసిన గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి ఉంచడం, వాహనం లోపల బొగ్గుల సిగ్రీ వెలిగించడం కూడా అంతే ప్రాణాంతకం.

ఏది ముందు, ఏది తరువాత

ఖర్చు లేని పనులతోనే ఈ సన్నాహం మొదలవుతుంది. టైర్లలో గాలి, దీపాల తనిఖీ, అద్దాల శుభ్రత, బ్యాటరీ టెర్మినళ్లు ఒక ఆదివారం ఉదయం ఇంటి ముందే చూసుకోవచ్చు. ఆ తరువాతి మెట్టు వైపర్ బ్లేడ్లు, హెడ్‌లైట్ల పాలిష్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. బ్యాటరీ, టైర్ల మార్పు పెద్ద ఖర్చు కనుక పరీక్ష చేయించిన తరువాతే నిర్ణయించుకోవాలి. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే అలంకరణకు, అదనపు దీపాలకు కాక టైర్లకు, బ్రేకులకు, వెనుక దీపాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ పనులను ప్రయాణానికి ముందురోజు కాక, కనీసం రెండు వారాల ముందే ముగించడం మంచిది. మార్చిన భాగాల్లో లోపం ఏదైనా ఉంటే అది టౌన్‌షిప్ రోడ్ల మీదే బయటపడుతుంది, కేశ్‌కాల్ మలుపుల్లో కాదు.